దుమ్ములగొండి ఎవరి చుట్టం?

ఈసారి పంట గురించి కాదు, పంట చుట్టూ తిరిగే జీవాల గురించి రాస్తున్న. జర పెద్ద పోస్టే. ఓపిక చేసుకొని ఆఖరు దాకా చదవండి. ఆఖర్ల మన ప్రాణాలకు సంబంధించిన మాట ఉన్నది.

ముందుగాల ఒక ప్రశ్న. దుమ్ములగొండి కుక్కకు చుట్టమా, పిల్లికి చుట్టమా?

కుషాయిగూడ రైతుబజార్ల కూరగాయలు దించినంక చాయ్ తాగుకుంట పదిమందిని అడిగిన. అందరూ "కుక్క జాతే" అన్నరు. మూతి కుక్క లెక్క, నడక కుక్క లెక్క, ఇంకేం కావాలన్నరు. కానీ లెక్క ప్రకారం దుమ్ములగొండి పిల్లి వైపు జీవి. దానికి దగ్గరి చుట్టం కుక్క కాదు, మన గట్టు మీద ఉరికే ముంగిస. నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

ఇది క్విజ్ పోటీ కోసం చెప్తలేను. మనం రైతులం ఒక జీవాన్ని దాని పేరును బట్టి, మూతిని బట్టి దోస్తు అనో దుష్మన్ అనో తీర్పు చెప్పేస్తం. ఆ తీర్పు మీదనే కంచె వేస్తం, మందు పెడతం, కరెంటు తీగ గుంజుతం. పేరు తప్పైతే తీర్పు కూడా తప్పైతది. అందుకే ఈ చుట్టరికాల సంగతి తెల్వాలె.

శాస్త్రం వాళ్లు పాలిచ్చే జంతువులల్ల మాంసాహారుల గణం అని ఒకటి పెట్టిన్రు. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో తన పుస్తకంలో పిల్లి, కుక్క, ఎలుగు, పునుగు, ముంగిస లాంటివన్నీ ఒక్క దగ్గర చేర్చిండు. ఇప్పుడు వాడుకలో ఉన్న కార్నివోరా అనే పేరు 1821లో వచ్చింది. ప్రపంచం మొత్తం మీద ఈ గణంలో సుమారు 300 జాతులు ఉన్నయి. సముద్రంలో ఉండే సీల్ చేప అంటం చూడండి, అది చేప కాదు, అది కూడా ఇండ్లదే.

మరి మాంసం తిన్నదల్లా ఈ గణంలకు వస్తదా? రాదు. చుంచు ఉంటది కదా, మూతి సన్నగా, వాసన కొట్టేది. దినమంతా పురుగులే తింటది. అయినా ఈ గణంలో లేదు, ఎలుకల గణంలో కూడా లేదు, దాని ఇల్లే వేరు. అట్లనే ఈ గణంలో ఉన్నదల్లా మాంసమే తినాలని కూడా లేదు. మన గుడ్డెలుగును చూడండి. చెదలు, చీమలు, తేనె, రేగుపండ్లు, ఇప్పపువ్వు, ఇవే దాని తిండి. పైదవడ ముందటి పండ్లల్ల నడిమి రెండు దానికి ఉండవు. ఆ సందులకెళ్లి చెదపుట్టను పంపు లెక్క గుంజుతది. ఇంత చేసి అది మాంసాహారుల గణంలోనే ఉన్నది. ఎందుకు? గణం అంటే తిండి లెక్క కాదు, వంశం లెక్క. తాత ముత్తాతలు ఒక్కరైతే ఇప్పుడు ఏం తిన్నా ఒకటే ఇంటిపేరు.

ఆ ఇంటిపేరు గుర్తు దవడల ఉంటది. మీ కుక్కకు ఎముక వేసి చూడండి. ముందటి పండ్లతోని కొరకదు, మూతి పక్కకు తిప్పి బుగ్గ పండ్లతోని నములుతది. అక్కడ పైదవడల ఆఖరి అగ్రచర్వణకం, కింది దవడల మొదటి చర్వణకం ఒకదాని పక్కకెళ్లి ఒకటి జారుతయి, కత్తెర లెక్క. పిల్లికి, పులికి, తోడేలుకు ఆ కత్తెర పదునుగ ఉంటది. ఎలుగుకు తిండి మారినంక ఆ కత్తెర మొద్దుబారి నూరే పండ్లయినయి. కానీ పాత గుర్తు పోలే.

ఈ గణంలో రెండు పెద్ద కొమ్మలు. ఒకటి పిల్లి వైపు, ఒకటి కుక్క వైపు. పిల్లి వైపు పులి, చిరుత, జంగపిల్లి, పునుగు, ముంగిస, దుమ్ములగొండి. కుక్క వైపు తోడేలు, నక్క, గుంటనక్క, రేచుకుక్క, ఎలుగు, నీటికుక్క. విడదీసే గుర్తు పైకి కనపడేది కాదు. చెవి అడుగున పుర్రెకు బుడగ లాంటి ఎముక ఉంటది. పిల్లి వైపు వాటికి సాధారణంగా అండ్ల అడ్డగోడ ఉండి రెండు అర్రలు ఉంటయి, కుక్క వైపు వాటికి లేదు. ఇప్పుడైతే డీఎన్ఏ చూసి చెప్పేస్తున్నరు. మన ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉన్నది కదా, దాని కిందనే అత్తాపూర్ దగ్గర లాకోన్స్ అని ఒక ల్యాబు ఉన్నది. చిన్న తోలు ముక్కో, గోరో, మాంసమో ఇస్తే అది ఏ జంతువుదో తేలుస్తరు. అడవి జంతువుల కేసులల్ల ఇది అక్కరకొస్తది.

ఇప్పుడు మన పేర్ల సంగతి. పునుగుపిల్లి పిల్లి కాదు. పిల్లి వైపుదే గానీ ఇల్లు వేరు. తిరుమల స్వామికి శుక్రవారం అభిషేకం అయినంక పూసే తైలం దాని నుంచి వచ్చేదే. తాటిచెట్టు ఎక్కి కల్లు ముంతల మూతి పెట్టే మానుపిల్లి కూడా పునుగు ఇంటిదే, పిల్లి కాదు. మన గౌడన్నలను అడగండి, దాని కథలు మస్తు చెప్తరు. నీటికుక్క కుక్క కాదు, కుక్క వైపుదే గానీ వేరే ఇల్లు. టీవీలో చీతా అన్నా, పేపర్ల చిరుత అన్నా మనకు ఒకటే అనిపిస్తది. రెండూ వేరు. చీతా మన దేశంలో లేకుండ పోయిందని 1952లో ప్రకటించిన్రు, మళ్లా 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోల వదిలిన్రు. మన గుట్టలల్ల తిరిగేది చిరుతపులి.

ఇగ నక్క. మనం నక్క అన్న ఒక్క మాటతోని రెండు జీవాలను పిలుస్తం. రాత్రి గుంపుగ ఊళవెట్టేది, జర పెద్దగ తోడేలు తమ్ముని లెక్క ఉండేది ఒకటి. గుంటనక్క అనేది ఇంకొకటి. చిన్నగ, సన్న కాళ్లతోని, పెద్ద చెవులతోని, తోక కొసకు నలుపుతోని ఉంటది. గుంట తవ్వి బొరియల ఉంటది కాబట్టి గుంటనక్క. మన సామెతలల్ల జిత్తులన్నీ దాని నెత్తి మీదనే రుద్దినం. కానీ పొద్దున లేస్తే అది తినేది మిడతలు, పురుగులు, ఎలుకలు, చిన్న పక్షులు, రేగుపండ్లు. పెద్ద నక్క పుచ్చతోటల, మక్కచేన్ల చెయ్యి పెడతది, కాదనను. కానీ అది సాగు భూములల్ల ఉన్నప్పుడు తిండిల పెద్ద వాటా ఎలుకలదే. ఒక పందికొక్కు గట్టుకు బొక్క చేసి రాత్రికి రాత్రి మడి నీళ్లు ఎట్ల ఖాళీ చేస్తదో మీకు నేను చెప్పాల్నా?

ముంగిస సంగతి కూడా రెండు ముక్కలు. పాము కరిస్తే ఉరికిపోయి ఏదో ఆకు నమిలొస్తదని చిన్నప్పటి నుంచి విన్నం. అసలు మందు దాని ఒంట్లనే ఉన్నది. నాగుపాము విషం కండరాల మీద నరం ఇచ్చే హుకుం అందుకునే చోట తాళం లెక్క కూసుంటది. ముంగిస ఒంట్ల ఆ తాళంకప్ప ఆకారమే జర వేరు, విషం సరిగ అతుక్కోదు. దానికి తోడు చురుకు. అంతే. దాని వెంట్రుకలతోని రంగులేసే బ్రష్షులు చేసి అమ్ముతరు, అది నేరం. పిల్లలకు డ్రాయింగ్ బ్రష్షు కొనేటప్పుడు నైలాన్‌ది అడగండి. అట్లనే నక్కకొమ్ము అని బొచ్చు ఉన్న ముద్ద చూపించి అదృష్టం అమ్మేటోళ్లు వస్తరు. నక్క నెత్తి మీద కొమ్ము మొలవదు. తోలు ముక్కల పనితనం అది. నక్కతోక తొక్కితే అదృష్టం అని మాట వరుసకు అంటం గానీ, దానికోసం నక్కను చంపితే జైలు. వన్యప్రాణి చట్టం 1972 నుంచే ఉన్నది.

ఇప్పటిదాక ఎవరు ఎవరి చుట్టమో చెప్పిన. ఇప్పుడు ఎవరి ఇల్లు ఎక్కడ. రైతుకు అసలు కావాల్సింది ఇదే.

ఈ జీవాలన్నిటికీ "అడవి" అని ఒకటే అడ్రసు రాస్తం మనం. అది తప్పు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోటు. పెద్దపులికి, రేచుకుక్కకు పెద్ద అడవి కావాలె, అమ్రాబాద్ లెక్క. ఆ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. కవ్వాల్ ఇంకొకటి, అది 2012లో అయింది. ఎలుగుకు రాళ్ల గుట్టలు, గుహలు కావాలె. అందుకే కరీంనగర్ దిక్కు గుట్టలు గ్రానైటు కోసం తవ్వుతుంటే ఎలుగులు ఊర్లకు వస్తున్నయి. చేపలు పట్టే నీటిపిల్లికి నీళ్లు కావాలె, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులల్ల ఉంటది. తోడేలుకు చెట్ల అడవే అక్కర లేదు, గడ్డి మైదానం కావాలె. నంద్యాల జిల్లా రోళ్లపాడు పేరు విన్నరు కదా, బట్టమేక పిట్ట కోసం పెట్టిన చోటు, అక్కడ గడ్డిల జింకల వెంట తోడేళ్లు తిరుగుతయి. దుమ్ములగొండి రాళ్ల సందుల పండుకొని రాత్రి చచ్చిన పశువుల దుమ్ములు నములుతది. దుమ్ము అంటే ఎముక, అందుకే ఆ పేరు. పేర్లల్ల అదొక్కటే నిజం చెప్పింది.

చిరుత అన్నిటికన్నా గట్టి పిండం. అడవి అయినా సరే, గుట్ట అయినా సరే, పట్నం అంచు అయినా సరే. 2020ల లాక్‌డౌన్ ఉన్నప్పుడు కాటేదాన్ దిక్కు రోడ్డు మీద కూసున్న చిరుతను టీవీల అందరం చూసినం. 2024 ఏప్రిల్ ఆఖర్ల శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకి లోపలికి వచ్చిన చిరుతను కొన్ని దినాలు కష్టపడి బోనుల పట్టి అమ్రాబాద్ దిక్కు అడవిల వదిలిన్రు.

మన సొంత దిక్కు చూద్దాం. ఈసీఐఎల్ నుంచి కీసర పోయే రోడ్డు మీద మా నాగారం. పెద్ద అడవి ఎన్నడూ లేదు. ఉన్నవి గుట్టలు, బీళ్లు, చెరువులు, తాళ్లు. చెరువు తుంగల, జమ్ముల జంగపిల్లి. దాని పేర్ల జంగ ఉన్నది గానీ దానికి పెద్ద అడవి నచ్చదు, నీళ్ల పక్క గడ్డి, చేను అంచు దాని చోటు. తాటివనంల మానుపిల్లి. పాత బాయి రాళ్లల్ల, గట్టు పొదలల్ల ముంగిస. పొట్టి గడ్డి బీడుల గుంటనక్క. కీసరగుట్ట కింద తుప్పలల్ల నక్క. కీసర పేరే కేసరి నుంచి వచ్చిందంటరు. కేసరి అంటే ఆంజనేయుని తండ్రి. కేసరి అంటే సింహం కూడా. సింహం ఇప్పుడు మన దేశంలో గుజరాత్ల గిర్ దిక్కే ఉన్నది, పేరు మాత్రం మన గుట్టకు మిగిలింది. ఇట్లనే రేపు నక్క పేరు కూడా సామెతలల్లనే మిగులుతదేమో.

ఎందుకంటే, అన్నలారా, జంతువులకు పేర్లు పెట్టినట్టే భూమికి కూడా పేర్లు పెట్టినం. పట్టా, శిఖం, బంచరాయి, పోరంబోకు. హైదరాబాద్ల ఎన్ఆర్ఎస్‌సీ ఉన్నది, ఉపగ్రహాల బొమ్మలు చూసేది. అది తయారు చేసే బంజరు భూముల అట్లాసు 2019ల కూడా ఒకటి వచ్చింది. అండ్ల తుప్ప భూములను బంజరు కింద లెక్క కట్టిన్రు. అంటే కాగితం మీద గుంటనక్క ఇల్లు "పనికిరాని భూమి". పనికిరానిది అని రాసినంక దానికి రెండే గతులు. ప్లాట్లు కొట్టుడు, లేకుంటే గుంతలు తీసి చెట్లు పెట్టుడు. చెట్లు మంచివే, నేను గట్టు మీద ఎన్నో పెట్టిన. కానీ గడ్డి బీడు మీద దట్టంగ చెట్లు పెడితే గుంటనక్కకు అది ఇల్లు కాదు. ఎలుగుకు చెరువు ఇస్తే ఎట్ల ఉంటదో అట్లుంటది. మా చుట్టూ బీళ్లన్నీ వెంచర్లయినయి. చెరువు శిఖంల మట్టి పోసిన్రు. ఒక్క నక్కను ఎవరూ చంపనక్కర లేదు, బీడు పోతే అదే పోతది.

పోయినంక ఖాళీ జాగ ఖాళీగ ఉంటదా? ఉండదు. ఎలుకలు పెరుగుతయి. కాలనీల చెత్త కుప్పల మీద బతికే ఊరకుక్కలు గుంపులు కడతయి. పోయిన ఎండాకాలం మా పక్క చేను మామయి రెండు మేకపిల్లలు చచ్చినయి. అందరూ నక్క అన్నరు. మామ తీగ చుట్ట పట్టుకొని వచ్చిండు, రాత్రికి కంచెకు కరెంటు పెడతనని. "మామా, ముందుగాల అడుగులు చూద్దాం పా" అని తీసుకపోయిన. కొట్టం ముందట నీళ్ల తొట్టి కాడ బురద ఉండె. అండ్ల ముద్రలు ఒకటి కాదు, రెండు కాదు, నాలుగైదు సైజులు. వెడల్పుగ, గోర్లు దిగినయి. పిల్లల తొడల మీద, వెనకకాళ్ల మీద ఎక్కడ పడితే అక్కడ కాట్లు. తిన్నది తక్కువ, చింపింది ఎక్కువ. అది నక్క పని కాదు, చిరుత పని అసలే కాదు. కుక్కల గుంపు. మామ గంటసేపు ఏం మాట్లాడలే. తీగ చుట్ట ఇంటికి పట్టుకపోయిండు. కొట్టానికి కింది నుంచి రెండు వరుసల రాయి కట్టి, పైన జాలి వేసిండు. మళ్లా మేక పోలే.

ఆ రాత్రి తీగ పెట్టి ఉంటే ఏమయ్యేది? నక్క చచ్చేది కాదేమో. తెల్లారుజామున నీళ్లు కట్టనీకి ఆ గట్టు మీదకెళ్లే నేను పోయేది. మన రాష్ట్రంల పందుల కోసం పెట్టిన తీగలకు రైతులు చచ్చిన వార్తలు ప్రతి సాలూ చూస్తనే ఉన్నం. తీగకు నక్క, పంది, మామ, అల్లుడు అని తేడా తెల్వదు. పేర్లు మనకే, కరెంటుకు లేవు.

అందుకే మీరు ఫోన్ల దాచిపెట్టుకోనీకి నాలుగు గుర్తులు చెప్తున్న.

ఒకటి, ముద్ర గుండ్రంగ ఉండి, నాలుగు వేళ్లు, గోర్లు పడకపోతే పిల్లి ఇంటిది. నడిచేటప్పుడు గోర్లు లోపలికి ముడుస్తది. చిన్నదైతే జంగపిల్లి, కోళ్ల గూడు జాలి సందులు చూసుకోండి. అరచేయంత ఉంటే చిరుత అనుకొని అక్కడి నుంచి జరగండి.

రెండు, కోలగ ఉండి నాలుగు వేళ్లు, గోర్లు దిగితే కుక్క ఇంటిది. సన్నగ, ఒకటే వరుసల పోతే నక్క కావొచ్చు. వెడల్పుగ, అడ్డదిడ్డంగ, గుంపుగ ఉంటే ఊరకుక్కలు. దుమ్ములగొండికి కూడా గోర్లు పడతయి, కానీ ముందటి పాదం వెనక పాదం కన్నా బాగా పెద్దగ ఉంటది.

మూడు, ఐదు వేళ్ల చిన్న ముద్రలైతే ముంగిసో, పునుగో. గుడ్లు, కోడిపిల్లలు భద్రం చేసుకోండి, అంతకన్నా భయం లేదు. మనిషి పాదం లెక్క మడమతోని పెద్ద ముద్ర, ముందట పొడుగు గోర్లు ఉంటే ఎలుగు. ఒంటరిగ పోకండి, చప్పుడు చేసుకుంట పోండి.

నాలుగు, మెడ కాడ ఒక్కటే గట్టి కాటు ఉంటే చిరుత మీద అనుమానం. శవాన్ని జరపకండి, ఫొటోలు తీసి అటవీశాఖకు చెప్పండి. వాళ్లు వచ్చి పంచనామా చేస్తేనే పరిహారం. మందు కలిపి పెడితే పరిహారం పోతది, కేసు వస్తది, ఆ శవం తిన్న కాకి, గద్ద, మీ సొంత కుక్క కూడా పోతది.

నేను జంతువుల మీద ప్రేమతోని కళ్లు మూసుకొని చెప్తలేను. కాగజ్‌నగర్ దిక్కు 2024 నవంబరు ఆఖర్ల చేన్ల పత్తి ఏరుకుంట ఉన్న ఒక ఆడబిడ్డను పెద్దపులి చంపింది. ఆ ఇంటి దుఃఖం ముందట ఎలుకల లెక్క చెప్తే అది మనిషి మాట కాదు. పెద్దపులి ఉన్న చోట భయం నిజమైన భయం, దానికి సర్కారు దగ్గరుండి కాపలా కాయాల్సిందే. నేను చెప్పేది ఏందంటే, ఆ భయాన్ని పెద్దపులి దగ్గరనే ఉంచాలె. పండ్లున్నయని, ఊళ పెడతదని, పేరు చెడ్డదని గుంటనక్క మీద, మానుపిల్లి మీద, ముంగిస మీద రుద్దొద్దు. ఒకటే గణంల ఉన్నంత మాత్రాన అన్నిటి నేరం ఒకటి కాదు. ఒక ఇంట్ల పుట్టిన అన్నదమ్ముల గుణాలే ఒకతీరుగ ఉండవు కదా.

నా ఎకరంన్నర చేను ఇంకా ఎన్నేండ్లు చేనుగ ఉంటదో, చుట్టూ గోడలు చూస్తుంటే నాకే నమ్మకం లేదు. ఉన్నన్ని దినాలు ఉత్తరం గట్టు మీద మూడు గజాల తుప్ప, గరిక అట్లనే వదిలేస్తున్న. మందు కొడతలేను, కాలబెడతలేను. అండ్ల ముంగిస ఇల్లు ఉన్నది. పోయిన వానకాలం మడి గట్లకు పడిన బొక్కలు అంతకుముందుకన్నా తక్కువ. మీరు కూడా ఒక మూల వదిలి చూడండి, పెద్ద ఖర్చు లేదు.

పిల్లలను ఎండాకాలం సెలవులల్ల బహదూర్‌పురా జూపార్కుకు తీసుకపోతరు కదా. పులి దగ్గర ఎట్లాగూ అందరూ నిలవడతరు. దుమ్ములగొండి జాలి ముందట కూడా ఐదు నిమిషాలు నిలబెట్టి, ఇది ఎవరి చుట్టమో చెప్పుమనండి. మీ దిక్కు గుంటనక్కను, జంగపిల్లిని, మానుపిల్లిని ఏ పేరుతోని పిలుస్తరో, ఇప్పటికీ కనపడుతున్నయో లేదో కింద రాయండి. రాత్రి మీ ఊర్లె నక్క ఊళ ఆఖరుసారి ఎప్పుడు విన్నరో అది కూడా రాయండి. మా నాగారంల అయితే కీసర దిక్కు గాలి ఉన్న రాత్రి, లారీల మోత తగ్గినంక, ఒక్కోసారి ఇంకా ఇనపడుతది.